నెగెటివ్ మార్కుల్లేని పరీక్షాధికారులు

మన జాతీయ పరీక్షల సంస్థకు, దాని వెనకున్న కేంద్ర విద్యాశాఖకు దివ్యదృష్టి ఉంది. తలకిందులుగా పనిచేస్తుంది, అంతే. 2024 మే 5న నీట్ ప్రశ్నపత్రం పట్నా, హజారీబాగ్‌లలో నిజంగానే బయటికి పొక్కితే, ‘ఆధారాలేవీ?’ అన్నారు. జూన్ 18న 9 లక్షల మందికి పైగా రాసిన యూజీసీ నెట్‌ను, పేపరు లీకైందన్న అనుమానంతో మర్నాడే రద్దు చేశారు. ఆ అనుమానానికి మూలమైన స్క్రీన్‌షాట్ ఎవరో మార్చి తయారుచేసినదని సీబీఐ తేల్చింది. పడ్డ దొంగలు కనపడలేదు, పడని దొంగలు కనపడ్డారు!

లెక్కల్లోనూ ఘనులే. నీట్‌లో ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. ఈ పద్ధతిలో 720కి 718, 719 రావడం అసాధ్యమని ఎంసెట్ రాసిన పిల్లాడైనా చెబుతాడు. అయినా వచ్చాయి. ఇదేం వింతంటే, సమయం నష్టపోయిన 1,563 మందికి గ్రేస్ మార్కులిచ్చామన్నారు. కోర్టు మెట్లెక్కాక అవి వెనక్కి తీసుకుని, మళ్లీ పరీక్ష పెట్టారు. 67 మంది ఫస్టు ర్యాంకర్లు చివరికి 17 మందయ్యారు. ర్యాంకులకు ఆషాఢం తగ్గింపు!

నిఘాకు మాత్రం లోటు లేదు. పొడుగు చేతుల చొక్కా వద్దు, బూట్లు వద్దు, చెవి దుద్దులు తీసెయ్యి, వేలిముద్ర వెయ్యి. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో లాంగ్‌టర్మ్ పేరిట ఏడాదంతా హాస్టల్ గదిలో మగ్గిన పిల్లను గేటు దగ్గర దొంగలా తడిమి చూస్తారు. హజారీబాగ్ కేంద్రంలో ట్రంకుపెట్టె తెరిచి పేపరు ఫొటోలు తీసినవాడి చొక్కా చేతులు ఎంత పొడుగున్నాయో ఎవరూ కొలిచినట్టు లేదు.

చట్టం లేదా? ఉంది. ముఠా కట్టిన లీకు వీరులకు పదేళ్ల దాకా జైలు, కోటికి తగ్గని జరిమానా అంటూ ఫిబ్రవరిలోనే పార్లమెంటు ఆమోదించింది. అమల్లోకి వచ్చింది జూన్ 21న, పేపర్లు వాట్సాప్‌లో షికార్లు చేసొచ్చాక.

వ్యవస్థ మొత్తం చెడిందనడానికి ఆధారాల్లేవు, మళ్లీ పరీక్ష అక్కర్లేదని సుప్రీంకోర్టు జులైలో చెప్పింది. లీకు జరిగిన మాట మాత్రం వివాదం లేని నిజమంది. సర్కారు మొదటి ముక్కను ప్రశంసాపత్రంలా ఫ్రేము కట్టించుకుంది.

పరీక్షల సంస్థ డైరెక్టర్ జనరల్‌ను తప్పించారు. ఇస్రో మాజీ చైర్మన్ కె.రాధాకృష్ణన్‌తో కమిటీ వేశారు. రాకెట్లు ఎగరేసినాయనకు ట్రంకుపెట్టె తాళాల బాధ్యత! మంత్రిగారు నైతిక బాధ్యత వహించారు. అది జీతం కోయని, కుర్చీ కదపని, ఖర్చులేని బాధ్యత.

జనానికి వ్యవస్థల మీద నమ్మకం తగ్గిపోతోందని పెద్దలు వాపోతున్నారు. నమ్మకం ఉచిత పథకం కాదు, రేషన్ కార్డు చూపించి తీసుకోవడానికి. తప్పుకో మార్కు కోసే నిబంధన పదిహేడేళ్ల పిల్లకే ఎందుకు? పరీక్ష పెట్టేవాళ్లకూ పెట్టండి. ముందు వాళ్లు మైనస్‌లోంచి సున్నాకు రానివ్వండి, నమ్మకం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.