టిక్కు పెట్టు, గోవిందా కొట్టు

విశాఖలో కంప్యూటర్ వైద్యులకు కొదవలేదు. గాజువాకలో ఏ బిల్లింగ్ కౌంటరు ‘స్లో అయిపోయింది బాబూ’ అని మూలిగినా ఓ కుర్రాడు బైకు మీద వచ్చి వాలతాడు. డివైస్ మేనేజర్ తెరిచి, డిస్కు మీద రెండు నొక్కులు నొక్కి, పాలసీస్ పేజీలో అడుగునున్న గడిలో టిక్కు కొడతాడు. ‘ఇక రాకెట్టే సార్!’ డిస్కుకు వేరే కరెంటు ఏర్పాటు లేకపోతే ఈ గడి జోలికి రావద్దు, డేటా పోతుందని మైక్రోసాఫ్ట్ వాడు అక్కడే రాసిపెట్టాడు. చదువుతూ కూర్చుంటే ఐదువందలు ఎవడిస్తాడు?

‘సేవ్’ నొక్కగానే అక్షరాలు డిస్కులోకి దూకవు. ర్యామ్‌లో కాసేపు, డిస్కు సొంత కేష్‌లో కాసేపు కూర్చుని తీరిగ్గా దిగుతాయి. వేగమంతా ఆ తీరికలోనే ఉంది, దానితో నాకు పేచీ లేదు. కానీ పద్దులు రాసే సాఫ్ట్‌వేర్ మధ్యమధ్య ఆగి, ‘నిజంగా పడిందా? పడ్డాకే చెప్పు’ అని నిలదీస్తుంది. దాన్నే ఫ్లష్ అంటారు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు తిరిగేది 120 చుట్లే. నిలదీసినప్పుడల్లా అది నీరసపడటం సహజం. కుర్రాడి టిక్కు పడ్డాక విండోస్ ఆ ప్రశ్నను డిస్కు దాకా పోనివ్వదు, ‘ఆఁ, పడింది’ అని తనే అనేస్తుంది. ఓడ ఇంకా బయట లంగరేసి ఉండగానే సరుకు గోదాములో దించుకున్నామని పోర్టులో రసీదు కొట్టినట్టు! ఇదే కుర్రాడికి ‘డబ్బులు పంపాను నాయనా’ అని చెప్పి చూడండి. ఫోన్‌లో మెసేజ్ మోగేదాకా గుమ్మం దిగడు.

ఐటీ ఆఫీసులున్న మధురవాడ కొండెక్కితే ఇదే వైద్యానికి టై కట్టి ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో కమిట్ కాగానే లాగ్‌ని డిస్కుకు దించమనే సెట్టింగ్ 1 మీద ఉంటే సున్నా చేసి, ‘పెర్ఫార్మెన్స్ పెంచాం’ అని స్లైడు వేస్తారు. సున్నా అంటే సెకనుకోసారి దించడం. ఈలోగా సర్వర్ కూలితే ఆ సెకను లావాదేవీలు గోవిందా. పోస్ట్‌గ్రెస్‌లో ఎఫ్‌సింక్, అంటే ఆ నిలదీతే, ఆపేసే మహానుభావులకు సెకనుతో సరిపోదు, మొత్తం డేటాబేసే పాడవ్వచ్చు.

కరెంటు పోతే ఎలా అని అడిగితే అందరిదీ ఒకటే మాట: ‘యూపీఎస్ ఉంది కదండీ!’ ఉంది. కౌంటరు కింద, దుమ్ములో, కాళ్లు పెట్టుకోవడానికి వీలుగా ఉంది. బ్యాటరీ చచ్చి అది కీచుకీచుమంటుంటే భరించలేక ఎవరో బీపర్ వైరు కత్తిరించారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఊరిని రోజుల తరబడి చీకట్లో పడేసింది నిజమే. పాపం, అది ముందే చెప్పి వచ్చింది, షట్‌డౌన్ చేసుకోవడానికి టైమిచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ మీద వాలే కాకి ఆ మర్యాద పాటించదు. ఊడుస్తూ ప్లగ్గు పీకే అప్పలమ్మా పాటించదు.

వేగమూ కావాలి, పద్దూ నిలవాలి అంటే దారి లేకపోలేదు. కెపాసిటర్లున్న సర్వర్ ఎస్‌ఎస్‌డీలు దొరుకుతాయి. కరెంటు పోయినా కేష్‌లో ఉన్నది దించేంత ఊపిరి వాటికుంటుంది. ఖరీదెక్కువ, అందుకే టిక్కు ముద్దొస్తుంది. ఆటలాడుకునే పీసీకైతే పెట్టుకోండి, పోతే స్కోరు పోతుంది. లారీ కాటా దగ్గరి కంప్యూటర్‌కి మాత్రం ఆ వైద్యం చేయించకండి. తూకం చీటీ ఎగిరిపోయిందని, అనకాపల్లి దాటిన లారీని వెనక్కి రప్పించి మళ్లీ కాటా ఎక్కించేదెవరు?