చెవులు రెండు, చానెళ్లు ఎనిమిది

గేమింగ్ హెడ్‌సెట్ డబ్బా మీద ‘7.1 సరౌండ్’ అని బంగారు అక్షరాలు. లోపల చూస్తే స్పీకరు చెవికొకటే. మిగతా ఆరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయట. నమ్మినవాళ్లకి వినిపిస్తాయి.

40,000 హెర్ట్జ్ దాకా పలుకుతుందట. మనిషి చెవికి 20,000 దాటితే అందదు. డబ్బు మనది, పై సగం పెరట్లో పిల్లిది.

శత్రువు ఎటు నుంచి వస్తున్నాడో అడుగుల చప్పుడుతో సహా చెబుతుంది. వెనక నుంచి వచ్చే అమ్మ మాత్రం దాని పరిధిలోకి రాదు.

రంగురంగుల లైట్లు కూడా ఉన్నాయండోయ్! తలకు పెట్టుకున్నవాడికి తప్ప అందరికీ కనిపిస్తాయి.

ఇక సుఖం సంగతి. మొదటి పది నిమిషాలు మెత్తగానే ఉంటుంది. గంటకల్లా కణతలు పట్టేస్తాయి. కళ్లజోడు ఉంటే దాని కాడ చెవి పైన అచ్చు దిగుతుంది. మే నెల విజయవాడలో ఆ రెగ్జిన్ మెత్తల కింద చెవులు ఇడ్లీల్లా ఉడుకుతాయి. కొన్నాళ్లకు రెగ్జిన్ పెచ్చులూడి చెంపలకు నల్లగా అంటుకుంటుంది. దిష్టిచుక్క ఉచితం.

వైరు సంగతి కుర్చీ చక్రం చూసుకుంటుంది.

కొనేవాళ్లకు ఒక్కటే మనవి. డబ్బా చదవకండి. షాపులోనే తలకు తగిలించుకుని అరగంట కూర్చోండి. షాపువాడి కేకలు వినపడకపోతే అది మంచి సరుకే, కొనేయండి.