మూడు నాళ్ళ కలంకారీ: సటీకా తాత్పర్యము

అవతారిక

శ్రీకాళహస్తికి దాపున ఒక పల్లెలో, మామిడితోట నడుమ వెలసిన ఆర్ట్ స్టూడియో గేటు మీది పద్యమిది. కర్త పేరు తెలియదు. బోర్డు అడుగున ఫోన్ నెంబరొకటి ఉంది గాని అది పెయింటరుది. 'ఫీజు'ను యతి తప్పకుండా ఇమిడ్చిన తీరు చూస్తే కవికి పాత చదువూ కొత్త లెక్కా రెండూ వచ్చునని తెలుస్తుంది.

ఆటవెలది

మూడు నాళ్ళలోన ముచ్చటౌ కలఁకారి
నేర్పఁబడును; బసయు, నేతిపప్పు
కూడఁ బెట్టఁబడును కోరినవారికి;
నిచ్చు ఫీజు మరల నీయఁబడదు.

ప్రతిపదార్థము

మూడు నాళ్ళలోనన్ = శుక్రవారము సాయంకాలము టీతో మొదలై ఆదివారము మధ్యాహ్న భోజనముతో ముగియు కాలమందు (గడియారమునకు రెండు దినములు, రశీదుకు మూడు); ముచ్చట + ఔ = ఫోటోలో ముచ్చటగొల్పునట్టి; కలఁకారి = కలముతో గుడ్డపై వ్రాయు పని (గణము కొరకు నిండుసున్న అరసున్న అయినది; ఆ ఆవరణలో సగానికి తగ్గినది ఇదొక్కటే); నేర్పఁబడును = ఎవరిచేతనో నేర్పఁబడును (ఈ 'ఎవరిచేతనో' సంగతి ముందు విచారింతము); బసయున్ = మట్టిగోడ, తాటాకు కప్పు, లోపల ఏసీ గల గదియును; నేతిపప్పు కూడన్ = చెంచాడు నెయ్యి సోకిన కందిపప్పు సైతము; పెట్టఁబడును = స్పష్టము; ఇచ్చు ఫీజు = ఫోన్‌పే చేయు సొమ్ము; మరలన్ ఈయఁబడదు = వాన వచ్చినను, జ్వరము వచ్చినను, ఆఫీసునుండి పిలుపు వచ్చినను తిరిగి రాదు.

తాత్పర్యము

పట్నవాసులారా! రెండు పగళ్ళు మా తోటలో కూర్చుంటిరేని మీచేత జేబురుమాలంత గుడ్డపై నెమలిని వేయించెదము. పడుకొనుటకు చోటు, తినుటకు పప్పు కలవు. నెమలి కాకియై దిగినను సొమ్ము మాదే.

విశేషములు

అన్వయం దగ్గర ఒక చమత్కారం ఉంది. 'కోరినవారికి' అన్న పదం దేహళీదీపన్యాయంగా అటూ ఇటూ వెలుగుతుంది. వెనక్కి కలిపితే, కోరినవారికి నేతిపప్పు పెట్టబడును. ముందుకి కలిపితే, కోరినవారికి ఫీజు మరల ఈయబడదు. కోరనివారి మాట కవి ఎత్తలేదు. ఫీజు వెనక్కి కోరనివారు ఇంతవరకు ఎవరూ తగలలేదేమో.

'మూడు నాళ్ళు' అన్నచోట మాత్రం వ్యాఖ్యాత కొంతసేపు ఆగక తప్పదు. కలంకారీలో నలుపు వేసే కసిం నీళ్ళనే తీసుకుందాం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి కుండకు మూత పెడితే వాడుకకు రావడానికే రెండు మూడు వారాలు. ఇక గుడ్డ. గాడా గుడ్డను ఉతికి గంజి వదలగొట్టి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండబెట్టాలి. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు; కరక్కాయ వగరు తగిలితేనే కసిం నల్లబడుతుంది. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో గీత గీయాలి. ఎరుపు కావలసినచోట పటిక నీళ్ళు రాసి, ఆరనిచ్చి, పారే నీటిలో జాడించి, రంగుచెక్కలతో ఉడకబెట్టాలి. స్వర్ణముఖిలో ఇసుక తప్ప ఏమీ లేని నెలల్లో ఆ జాడింపు బోరు కిందే. తరవాత పసుపు, నీలం. నడుమ మళ్ళీ పాలు, మళ్ళీ ఎండ. తిరుపతిలో దేవస్థానం వారి సంప్రదాయ శిల్పవిద్యా సంస్థలో కలంకారీ కోర్సు రెండేళ్ళు. రెండేళ్ళను మూడు నాళ్ళకు కుదించిన సూత్రం ఏ శాస్త్రంలోది?

సమాధానం: వర్క్‌షాపుకు వచ్చినవారి ముందుకు గుడ్డ పాలు తాగి, ఎండి, బొగ్గు గీతతో సహా వస్తుంది. కసిం పులిసి ఉంటుంది. వారు చేయవలసిందల్లా వెదురు కలానికి చుట్టిన గుడ్డను వేళ్ళతో నొక్కుతూ గీత వెంబడి పోవడం. కాస్త ఎక్కువ నొక్కితే నెమలి కాళ్ళకింద మడుగు కడుతుంది. ఉతుకు, ఉడుకు సోమవారం జరుగుతాయి; అప్పటికి కళాకారులు పట్నంలో లాగిన్ అయి ఉంటారు.

ఇక కర్తృవిచారము. కర్మణి ప్రయోగం తెలుగు మాటకు సహజం కాదు, తెలుగు బోర్డుకు సహజం. నాలుగు పాదాల్లో మూడు 'బడు'లు పడ్డాయి, కర్త ఒక్కచోటా లేడు. మరి నేర్పేదెవరు? స్టూడియో యజమాని అని కొందరు. అది పొసగదు; ఆయన నిరుడు ఇలాంటి వర్క్‌షాపులోనే నేర్చుకున్నాడు. ప్రకృతియే గురువని బ్రోచరు వాక్యం. ఆ తోటలో ప్రకృతి వల్ల ప్రత్యక్షంగా లభించినవి దోమలు. కాబట్టి సిద్ధాంతం ఇది: వెనక వరండాలో కుండల మధ్య కూర్చుని, వచ్చినవారి చెయ్యి పట్టి గీత దిద్దే ఆవిడే కర్త. అందరూ 'అక్కా' అంటారు. బ్రోచరులో ఆవిడ 'స్థానిక కళాకారిణి'. కలంకారీని ఆ ప్రాంతంవారు వ్రాతపని అనేవారు. అది మూలపడిపోతున్న రోజుల్లో కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో ఊపిరి పోసుకుంది, 1957లో శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం వచ్చింది. అక్కడివారే అయిన జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అంత చరిత్ర వెనకున్న విద్యకు ఇక్కడి బోర్డు మీద పెయింటరుకున్నపాటి చోటూ లేదు.

'బసయు' అన్నచోట సముచ్చయం వల్ల నెలవారీ రెసిడెన్సీని కూడా గ్రహించాలి. ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. పెద్దన పేర చెప్పుకునే చాటువులో అడ్డులేని చోటు, కప్పురపు విడెం, ఇష్టమైన భోజనం, ఉయ్యాలమంచం, తప్పొప్పులెరిగిన రసికులు ఉంటేనే కావ్యం రాస్తాననడం ఉందిగదా. రెసిడెన్సీ దరఖాస్తు అంతకన్నా శుభ్రంగా ఎవరూ రాయలేదు. అయితే అక్కడ రాయలు ఇచ్చాడు, పెద్దన పుచ్చుకున్నాడు. అమెరికాలో 1907 నాటి మెక్‌డవెల్ రెసిడెన్సీ వారు నేటికీ కళాకారుల దగ్గర బస ఖర్చు తీసుకోరు, మధ్యాహ్నం భోజనపు బుట్ట గుమ్మం దగ్గర పెట్టి చప్పుడు చేయకుండా పోతారు. మన తోటలో కళాకారుడే రాయల పాత్ర కూడా వేసుకోవాలి. ఉయ్యాలమంచం ఉంది, ఫోటోల కోసం.

పాఠాంతరము

'నేర్పఁబడును' స్థానంలో 'నేర్పు నక్క' అని దిద్దవచ్చునని ఈ వ్యాఖ్యాత సూచన. 'నేర్పున్ + అక్క' అని పదవిభాగం. గణాలు సరిపోయాయి, యతి చెడలేదు, కర్త బయటికొచ్చింది. యజమాని ఒప్పుకోలేదు, జనం 'నక్క' అని చదువుతారట. అక్కనే అడిగితే కుండ మూత తీసి వాసన చూస్తూ అంది: "పేరు దేనికి సార్? కూలి పెంచమని రాయండి."