మొహం చూసి బొట్టు పెట్టే కెమెరా

2021 జనవరిలో లక్నో పోలీసులు ఓ కబురు చెప్పారు. ఆడపిల్లల్ని అల్లరిపెట్టే చోట్లు నగరంలో 200 గుర్తించారట. అక్కడ కృత్రిమ మేధ కెమెరాలు పెడతారట. దారినపోయే ఆడమనిషి మొహంలో బాధ కనిపిస్తే చాలు, ఆవిడ ఫోను తీసి 112 నొక్కేలోపే పోలీసులకు సంగతి తెలిసిపోతుందట.

బాగానే ఉంది. కానీ మన రోడ్ల మీద మొహం చిట్లించడానికి కారణాలకు కరువా? ఎండ మాడ్చేస్తుంది, చెప్పు తెగుతుంది, ఆటో అతను మీటరు మీద ఇంకో యాభై అడుగుతాడు. అన్నిటికీ జీపు పరిగెత్తాలంటే పెట్రోలు ఎవరు పోయిస్తారు? పోనీ, నిజంగానే ఆకతాయి వెంటపడ్డప్పుడు మన పిల్ల ఏం చేస్తుంది? మొహంలో ఏమీ తెలియనివ్వకుండా, తల వంచుకుని గబగబా నడుస్తుంది. కెమెరా లెక్కలో అది ప్రశాంతత. వెనకాల ఈల వేసుకుంటూ వచ్చేవాడి ఖాతాలో సంతోషం.

కంప్యూటరు మన మనసెరిగి మసలుకోవాలన్న ముచ్చట ఈనాటిది కాదు. ఎంఐటీ ఆచార్యురాలు రోసలిండ్ పికార్డ్ 1997లోనే ‘అఫెక్టివ్ కంప్యూటింగ్’ అని పుస్తకం రాశారు. ఆ దారిలోనే, చర్మం మీది తడిని కొలిచి మూర్ఛను పసిగట్టే చేతిపట్టీ కూడా వచ్చింది. దాన్ని ఎవరూ వెక్కిరించరు. వెక్కిరించాల్సింది మొహాల వ్యాపారాన్ని. వాళ్ళ పెట్టుబడి మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఎక్‌మన్ జాబితా: కోపం, భయం, అసహ్యం, ఆశ్చర్యం, సంతోషం, దుఃఖం. ఆరంటే ఆరే. మన నాట్యశాస్త్రపు భరతుడు స్థాయి, సంచారి, సాత్త్వికాలన్నీ కలిపి 49 భావాలు లెక్కపెట్టాడు. అదీ ఎందుకు? లేనివాటిని ఉన్నట్టు చూపించడం నేర్పడానికి! కూచిపూడి నటులు వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కట్టి వచ్చినప్పుడు ఈ కెమెరా పెట్టి ఉంటే, అలిగిన ఆడమనిషి అని నిశ్చింతగా రాసుకుని ఉండేది.

2019లో అమెరికాలో అయిదుగురు శాస్త్రవేత్తలు వెయ్యికి పైగా పరిశోధనలు తిరగేశారు. కోపం వచ్చినప్పుడు భృకుటి ముడివేయడం 30 శాతం కన్నా తక్కువసార్లేనని తేల్చారు. మిగతా డెబ్భై చిల్లర శాతం ఏం చేస్తారో మన ఆఫీసుల్లో ఎవర్నడిగినా చెబుతారు: బాసు ఎదుట నవ్వుతారు. మైక్రోసాఫ్ట్ 2022లో, మొహం చూసి మనసు చెప్పే ఈ సరుకును అంగట్లోంచి తీసేసింది. ఐరోపా సంఘం 2025 ఫిబ్రవరి నుంచి బడుల్లో, పనిచోట్ల దీన్ని నిషేధించింది, వైద్యానికీ భద్రతకూ తప్ప. అంటే ఇక మిగిలిన గిరాకీ ఎక్కడో ఊహించుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా నచ్చింది చైనాలోని హాంగ్‌జౌ ముచ్చట. 2018లో అక్కడి ఓ హైస్కూల్లో ప్రతి 30 సెకన్లకోసారి కెమెరా పిల్లల మొహాలు పరికించేది: ఎవరు దిగులుగా ఉన్నారు, ఎవరు బల్ల మీద వాలారు అని. పాఠం చప్పగా ఉంటే తప్పు పాఠానిదా, మొహానిదా? కెమెరా చూస్తున్నది మొహాల్నే కాబట్టి తీర్పు అప్పుడే వచ్చేసింది. పిల్లలకు పాఠం ఎంత ఎక్కిందో గానీ, శ్రద్ధగా కనిపించడమనే విద్య మాత్రం అబ్బే ఉంటుంది.

ఆ విద్యకు పెద్దయ్యాకా గిరాకీ ఉంది. మొహాన్ని చదివే ఇంటర్వ్యూ మిషన్లను ఎలా మెప్పించాలో నేర్పే క్లాసులు దక్షిణ కొరియాలో 2020 నాటికే వెలిశాయి. పెదవులతో కాదు, కళ్ళతో నవ్వాలని అక్కడ పాఠం. అమీర్‌పేట ఇంకా ఎందుకు ఊరుకుందో నాకు అర్థం కాదు. జావా, పైథాన్ బోర్డుల మధ్య ఇంకో ఫ్లెక్సీకి చోటు లేకపోలేదు: ‘నలభై రోజుల్లో ఆత్మవిశ్వాసపు చూపు. డెమో క్లాసు ఉచితం. ఏడుపుమొహం వాళ్ళకు ప్రత్యేక బ్యాచ్.’