నురుగు కవచ పద్యం (టీకా తాత్పర్య సహితం)

తే.గీ.
నురుగు కవచంబు వేఁడితో నునుపు చేసి
పలుచ పూఁతలఁ బలుమాఱు పైన వేసి
ఉప్పుకాగితంబున నీట నోర్మి రుద్ది
నిగ్గు దేలెడు నందాఁక నిలువుమయ్య

అవతారిక: హైదరాబాద్ కామిక్ కాన్‌కి ఐరన్ మ్యాన్ వేషం కట్టదలచి, ఇంట్లోనే కవచం కత్తిరించుకుని, చేతిలో ఎర్ర స్ప్రే డబ్బాతో మేడ ఎక్కబోతున్న కుర్రవాణ్ణి మెట్ల దగ్గరే ఆపి పెద్దవాడొకడు చెప్పిన పద్యమిది. కర్ణుడికి ఈ పద్యంతో పనిలేదు. ఆయనది పుట్టుకతో వచ్చిన కవచం. 1977 జనవరిలో మన తెర మీదికి ‘దానవీరశూర కర్ణ’ వచ్చింది. అదే ఏడాది మే నెలలో అమెరికాలో ‘స్టార్ వార్స్’ వచ్చింది. అందులోని తెల్ల సైనికుల కవచాలు ప్లాస్టిక్ షీటును వేడిచేసి, అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి లాగేసి చేసినవి. వాటి నునుపు షీటుతోనే వచ్చింది. ఆ రెండు అదృష్టాలూ లేనివాడు ఈ పద్యానికి అధికారి.

ప్రతిపదార్థం: నురుగు = ఫోము యొక్క, అనగా జిమ్ముల్లో నేలన పరిచే ఈవీఏ షీటు యొక్క; కవచంబు = ఛాతీకి, భుజాలకు, తొడలకు అతికించుకున్న పలకలను; వేఁడితోన్ = హీట్ గన్‌తో; నునుపు చేసి = పైపొర బిగిసేట్టు చేసి; పలుచ పూఁతలన్ = పల్చని కోటింగులను; పలుమాఱు = ఒకటి ఆరాక ఒకటిగా; పైన వేసి = కొట్టి; ఉప్పుకాగితంబునన్ = వాటర్ పేపరుతో; నీటన్ = నీళ్లతో తడుపుతూ; ఓర్మిన్ = ఓపికతో; రుద్ది = తెలిసిందే; నిగ్గు = ఎదుటివాడి ముఖం కనిపించే మెరుపు; తేలెడు నందాఁకన్ = పైకి వచ్చేవరకు; నిలువుము = ఆగుము; అయ్య = ఓయి తొందరపడేవాడా!

తాత్పర్యం: మెరుపు డబ్బాలో లేదు.

విశేషాలు: పద్యం మొత్తంలో రంగు అన్న మాట లేదు. గణాలు సరిపోక కవి వదిలేశాడని కొందరంటారు. అది పొరపాటు, కావాలనే వదిలాడు. మాట్ రంగు వెలుతురును నాలుగు దిక్కులకూ చెదరగొడుతుంది కాబట్టి కింద ఉన్న గుంటలు, అతుకులు కంటపడవు. గ్లాసీ రంగుకి ఆ దయ లేదు. అది దేన్నీ దాచదు, ఉన్నదాన్ని పదింతలు చేసి చూపిస్తుంది. భుజం పలకను ట్యూబ్‌లైటు కింద పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. పలక మీద లైటు తెల్లటి గీతగా పడుతుంది. ఆ గీత తిన్నగా పోతూ పోతూ ఎక్కడ వంకర తిరిగిందో అక్కడ అతుకు సరిగ్గా పూడలేదని అర్థం. ఇది రంగు వేశాక చూసుకునే పరీక్ష కాదు.

‘వేఁడితో’: ఫోము అంటే చిన్న చిన్న గాలి బుడగల ముద్ద. బ్లేడు పెట్టిన చోట, అరగదీసిన చోట బుడగలు తెరుచుకుని రంగును తాగేస్తాయి. హీట్ గన్ సోకగానే పైపొర కొద్దిగా కరిగి బిగుసుకుంటుంది, మొద్దుబారిన తలం కాస్త మిలమిలలాడుతుంది. ఒకేచోట నిలిపితే మాత్రం పలక ముడుచుకుపోతుంది. అతుకుల్లో ఫిల్లరు నింపి తడివేలితో సవరించడం కవి చెప్పలేదు, మీరు చేయండి.

‘పలుచ’: పద్యానికి ఆయువుపట్టు ఇదే. ముందు ఫెవికాల్‌లో నీళ్లు కలిపి నాలుగైదు పూతలు. దాని మీద కార్లకు కొట్టే ప్రైమర్. ఆ తర్వాతే రంగు. స్ప్రే డబ్బాను 8 నుంచి 12 అంగుళాల దూరంలో పట్టి, నొక్కడం పలక బయట మొదలుపెట్టి, పలక దాటాక వదలాలి. మొదటి పూతలో అడుగు పొర కనిపిస్తుంటే కంగారుపడి ఇంకో నొక్కు నొక్కకూడదు. రంగు కారిందంటే మళ్లీ గీకుడే. మరీ దూరం నుంచి కొట్టినా, మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టినా, తుంపరలు సర్దుకునేలోపే ఆరిపోయి పూత నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. ముసురు పట్టిన రోజు ల్యాకర్ కొడితే తెల్లటి పొగ కమ్ముతుంది. థర్మకోల్ మీద స్ప్రే నేరుగా తగిలితే అందులోని ద్రావకం దాన్ని కరిగించి గుంటలు పెడుతుంది. బళ్లో నాటకాలకు కిరీటాలు చేసే తల్లిదండ్రులు ఈ ఒక్క వాక్యం కిందైనా గీత గీసుకోవాలి. ముక్కుకి గుడ్డ చాలదు, కార్బన్ ఫిల్టరున్న మాస్కు కావాలి. కవి దాన్ని విస్మరించాడు, వ్యాఖ్యాత విస్మరించడు.

‘నీట’: పూర్వపక్షం: అడుగున ఉన్నది ఫెవికాల్ కదా, నీళ్లు తగిలితే మెత్తబడి లేచిపోదా? పోతుంది. అందుకే కవి ‘పైన వేసి’ అన్నాక గానీ నీటి ఊసెత్తలేదు. ప్రైమర్ కప్పిన తర్వాతే తడి. ప్రైమర్‌కు 400, 600 నంబరు కాగితాలు సరిపోతాయి. రంగు మీద క్లియర్ కోట్ వేసి, అది గట్టిపడ్డాక 1000, 1500, 2000 వరుసలో, నీటిలో సబ్బు చుక్క వేసుకుని రుద్దాలి. 1000 దగ్గరే అంతవరకూ ఉన్న మెరుపంతా పోయి పలక పాలిపోతుంది. కొత్తవాడు ఇక్కడే గుండెలు బాదుకుంటాడు. బాదుకోనక్కర్లేదు, రబ్బింగ్ కాంపౌండ్ పట్టించి మెత్తటి గుడ్డతో తిప్పితే తిరిగొస్తుంది. కారే నీళ్లు తెల్లగా ఉన్నంతసేపు భయం లేదు. ఎర్రబడ్డాయంటే క్లియర్ అరిగి రంగు తెగుతోందన్నమాట, చెయ్యి తీసేయాలి.

‘నిలువుము’: ఆరడం వేరు, గట్టిపడడం వేరు. వేలికి అంటనిదల్లా ఆరినట్టే కనిపిస్తుంది. సగం గట్టిపడ్డ ఎనామిల్ మీద ల్యాకర్ పడితే కింది పొర ముడతలు పడి లేస్తుంది. పలకను ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు ఇంకా థిన్నర్ వాసన కొడుతుంటే, అది గట్టిపడలేదన్నమాట, పక్కన పెట్టండి.

ఆక్షేపణ: ఫోము వంగేది, మెరిసే పూత వంగనిది, ఈ కాపురం ఎన్నాళ్లు? న్యాయమైన ప్రశ్నే. మోకాలి దగ్గర, నడుము దగ్గర పూత చిట్లుతుంది. అక్కడ పలకలను విడివిడిగా చేసి, లోపలి నుంచి ఎలాస్టిక్‌తో కట్టడమే దారి. పాదాల దాకా అద్దపు మెరుపు కావాలంటే ఫోము వదిలి ఫైబరుకో, త్రీడీ ప్రింటుకో పోవాలి. అప్పుడు మొదటి పాదం మార్చుకోవలసి వస్తుంది, మిగిలిన మూడూ అలాగే చెల్లుతాయి.

పాఠాంతరం: కొందరు నాలుగో పాదాన్ని ‘నిగ్గు దేలిన పిమ్మట నిలువుమయ్య’ అని చదువుతారు. యతి చెడలేదు, గణాలూ సరిపోయాయి. మొదట నేనిది లేఖక ప్రమాదమనుకున్నాను. కానీ తొడ పలకలు కట్టుకున్నవాడు కుర్చీలో కూర్చుంటే పూత చిట్లుతుంది కనుక, హాలు మూసేదాకా వాడు నిలబడే ఉండాలి. కాబట్టి ఈ పాఠమూ గ్రాహ్యమే.