లీడరు గారి కాగితంపూల తీగ

కాగితంపూల తీగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1767లో బ్రెజిల్ తీరాన ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త కొమ్మర్సన్ దాన్ని సేకరించాడు. పేరు మాత్రం ఆయన ఎక్కిన ఓడలకు నాయకుడైన బూగెన్విల్‌కు దక్కింది. చెమట ఒకరిది, శిలాఫలకం ఇంకొకరిది. ఆ తీగ మన ఊళ్లలో అంత తొందరగా కలిసిపోవడంలో ఆశ్చర్యం లేదు.

గడ్డకట్టే చలికి అది తట్టుకోలేదు. కడప జిల్లాలో ఆ భయం లేదు. రాత్రి 15 డిగ్రీల కిందికి దిగడమే అరుదు. వాన ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు. వేముల మండలం తుమ్మలపల్లెలో ప్రహరీ మీద పచ్చగా పాకి పూసే తీగ కావాలంటే ఇంతకన్నా తగింది దొరకదు. మండుటెండ పడే గోడ చూసుకోవాలి, నీడలో పూయదు. మిగతా సంగతులు కొత్త ఇల్లు కట్టిన లీడరు వాకిట్లో తేలతాయి.

లీడరు: ఏమప్పా, నీలం రంగుది ఉండాదా? ఫోన్లో చూసినా. మన కారు రంగుకు సరిపోవాల.

మొక్కల బండివాడు: లేకేం సార్! విత్తనాలు తెప్పిస్తా. పొట్లం ఐదొందలు.

(అసలు నీలం కాగితంపూలు లోకంలో లేవు, ఊదారంగునే ఫోన్లో నీలం చేస్తారు. తోటల్లో పెంచే రకాలు గింజ కట్టేదీ తక్కువే. పెన్సిలు లావు ముదురు కొమ్మ జానెడు కోసి పాతితే చాలు.)

సిద్ధాంతి: ముళ్ల తీగ ఇంటి ముందర అరిష్టం నాయనా.

అవ్వ: నిమ్మచెట్టుకు ముళ్లు లేవా సామీ? దసరాకు మొక్కే జమ్మికి?

సిద్ధాంతి: అన్నిటికీ శాంతి ఉంది.

లీడరు: ఎంతయితది?

సిద్ధాంతి: గోడ పొడుగును బట్టి.

అవ్వ: ముల్లు లేకుంటే అది ఎక్కేదెట్లబ్బీ? కాకర మాదిరి చుట్టుకునే నులితీగలు దీనికి లేవు. గోడకు మేకులు కొట్టి పురికొసతో కట్టు. లేకుంటే దారిలోకి ఒరిగి, పోయేవాళ్ల పంచెలు చింపుతాది.

బండివాడు: కవరు తీసి మట్టి దులిపి నాటండి సార్.

అవ్వ: దులిపితే చచ్చిపోతాది. దీనికి వేరు కదిలితే గిట్టదు. కవరు కోసి, మట్టిగడ్డ చెదరకుండా గుంతలోకి దించాల.

కొన్నాళ్లకు తీగ గోడ దాటింది. పువ్వు మాత్రం లేదు.

లీడరు: రెండు పూటలా బోరు నీళ్లు పెడితి, యూరియా వేస్తి. చేన్లో చీనీచెట్లకు గూడా అంత పెట్టలేదవ్వా!

అవ్వ: అదేబ్బీ వచ్చిన చిక్కు. కడుపు నిండినదానికి పూసే పనేముండాది? మట్టి ఎండి ఆకు రవ్వంత వాడేదాకా నీళ్లు ఆపు. యూరియా మూట ఇంట్లో పెట్టు.

సిద్ధాంతి: ఆకులు పసుపెక్కినాయి. గ్రహదోషం!

గ్రహం కాదు, సున్నం. తుమ్మలపల్లె గనుల్లోని యురేనియం డోలమైటు అనే సున్నపు జాతి రాతిలో ఉంది. ఆ రాయి యాసిడ్‌ను మింగేస్తుంది కాబట్టే అక్కడ ఖనిజాన్ని క్షార ద్రావణంతో కరిగిస్తారు. అలాంటి రాయి అరిగి మట్టిలో సున్నం ఎక్కువైతే వేరుకు ఇనుము అందదు. లేత ఆకుల ఈనెలు పచ్చగా ఉండి నడుమ పసుపు తిరుగుతుంది. వేరుశనగ రైతులు ఎరిగిన మందే దీనికీ: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద చల్లడం. శాంతి కన్నా చౌక.

లీడరు: పూసిందవ్వా! గోడంతా ఎర్రపూలే!

అవ్వ: అవి పూలు కావు, రంగు తిరిగిన ఆకులు. దగ్గరికొచ్చి చూడు. ఆ మూడాకుల నడుమ ఒక్కోదానికి అంటుకొని సన్నగా గొట్టం మాదిరి తెల్లగా ఉండాయే, అవీ పూలు.

లీడరు: ఇంత హడావుడీ ఆకులదా? పూలు కనపడనే కనపడవే!

అవ్వ: నీ మీటింగుల్లో ఫ్లెక్సీలు కనపడతాయి గానీ పని కనపడుతుందా?

పూత అయిపోగానే పొడుగు కొమ్మలను మూడో వంతు కత్తిరించాలి. మళ్లీ పూసేది కొత్త చిగుళ్ల మీదే. కత్తిరించేటప్పుడు చేతులకు మందపాటి తొడుగులు తప్పనిసరి.