భాగస్వామ్య వ్రత విధానం

సుస్థిర ఆహార సాంకేతికత పేరుతో ఏ ప్రాజెక్టు పెట్టినా స్థానిక ప్రజలను భాగస్వాములను చేసి తీరాలని ఈమధ్య నిధులిచ్చేవాళ్లు పట్టుబడుతున్నారు. కొత్తగా ప్రాజెక్టులు రాసేవారు కంగారు పడనక్కర్లేదు. విధానం సులువే.

ముందుగా యంత్రం తయారు చేసుకోవలెను. పిమ్మట దానికి తగిన సమస్యను వెతుక్కోవలెను. ఈ వరస తప్పితే వ్రతభంగం. ఆపై హైదరాబాద్‌లో మంచి హోటల్, చల్లటి హాలు చూసి, జహీరాబాద్ వైపు నుంచి చిరుధాన్యాలు పండించే ఓ అమ్మను ఆవాహన చేయాలి. నేతచీర అయితే ఫొటోకు శ్రేష్ఠం. ఆమె చేత దీపం వెలిగింపజేసి, శాలువా కప్పి, మొదటి వరసలో కూర్చోబెట్టాలి. తర్వాత ఇంగ్లిషులో కథాశ్రవణం. స్లైడ్లు నలభైకి తగ్గరాదు. నైవేద్యానికి కొర్ర పులిహోర, రాగి కేకు. ఆ రాగులు పండించినావిడకు రాగుల్లో ఉన్న పోషకాల గురించి మనమే వివరంగా చెప్పాలి. చివర్లో రానుపోను చార్జీల కాగితం మీద సంతకమో వేలిముద్రో తీసుకుని ఉద్వాసన. నివేదికలో దాన్నే ‘సమాజ ఆమోదం’ అని రాసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఆవిడ చేతికి మైకు ఇవ్వరాదు. ఇస్తే మన పొట్టు తీసే యంత్రం గురించి ఇలా అడుగుతుంది:

"సారూ, గీ మిషిన్ల కొర్రలు మంచిగనే పడ్తయి. సామలు పోస్తె? సగం నూకైతయి, సగం పొట్టుతోనే వస్తయి. అరికెలకైతె పొర మీద పొర ఉంటది, దానికేం జేస్తరు? మా ఇండ్లల్ల సింగిల్ ఫేజు. మీ మోటరుకు త్రీ ఫేజు గావాలె గద!"

ఈ సంగతులు డిజైన్ అయ్యాక చెబితే ఎలా, ముందే చెప్పొద్దా అని ఇంజనీరుగారు నొచ్చుకుంటారు. ముందు ఆమెను పిలిచినవాడు లేడు.

యంత్రం చివరికి పంచాయతీ ఆఫీసు వెనక వరండాకు చేరుతుంది. మేకను కట్టేయడానికి గట్టి ఆధారం. సుస్థిరత విషయంలో వంక పెట్టలేం.

ఇదే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, వాళ్లలో చాలామంది దళితులు, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలుగా చేరి ఈ వ్రతానికి పెద్ద అపచారమే చేశారు. 1983లో ఎన్టీఆర్ సర్కారు కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. అది పేదల ఆకలి తీర్చింది, కాదనలేం. జొన్న, సజ్జ తినే పళ్లేల్లోకి తెల్లన్నం వచ్చి కూర్చుందన్నదీ కాదనలేం. సొసైటీ పుట్టింది కూడా ఆ ఏడాదే. 1990ల మధ్యలో ఈ సంఘాలు బీడు భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలను ఊళ్లోనే నిల్వ చేసి, పేద ఇళ్లకు తక్కువ ధరకు అమ్మాయి. ఎవరు పేదో తేల్చడానికి ఆఫీసుల చుట్టూ తిరగలేదు. ఊరి జనమే ఒకచోట కూర్చుని, ఏ ఇంట్లో గింజలున్నాయో ఏ ఇంట్లో లేవో చెప్పుకుని జాబితా వేశారు. విత్తనాలను పేడతో అలికిన బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి దాచుకున్నారు. ఈ విత్తనాల బ్యాంకుకు పాస్‌వర్డ్ మరచిపోయే భయం లేదు. 2008లో మాచ్‌నూర్‌లో సొంత రేడియో స్టేషన్ కూడా పెట్టుకున్నారు. మనం మైకు ఇవ్వమని ముందే తెలిసినట్టుంది! 2019లో ఆ సొసైటీకి ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

కేంద్ర సర్కారు మాత్రం తక్కువ తిన్నదా? 2013 ఆహార భద్రత చట్టంలో కిలో బియ్యం మూడు రూపాయలు, గోధుమలు రెండు, జొన్న, సజ్జల వంటి ముతక ధాన్యాలు ఒక్క రూపాయి అని రాసింది. పదేళ్లు ఆగి, 2023లో అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం జరిపింది. మన రేషన్ షాపులో బస్తా విప్పితే ఎక్కువ చోట్ల ఇంకా బియ్యమే. రూపాయి గింజ దారి తప్పి సూపర్ మార్కెట్‌కు వెళ్లింది; షుగరున్న పెద్దలు అక్కడ దాన్ని అందమైన ప్యాకెట్లలో కొనుక్కుంటున్నారు.

యంత్రం వద్దని ఎవరూ అనడం లేదు. సామలు, అరికెలు దంచి దంచి భుజాలు పోయినవాళ్లకే అది అందరికన్నా ఎక్కువ అవసరం. రోకలిని తెగ మెచ్చుకునేది ఎప్పుడూ దాన్ని పట్టనివాళ్లే.

ప్రాజెక్టులు రాసే పెద్దలకు ఒక మనవి. శాలువాలు చాలు. యంత్రం బొమ్మ గీయకముందే ఊరికి వెళ్లి, అరికెల బస్తా ముందు పెట్టుకుని కూర్చోండి. యంత్రం నచ్చకపోతే వెనక్కి పంపే హక్కు, బిల్లు ఆపే అధికారం ఆ ఊరి సంఘానికి ఒప్పందంలోనే రాసివ్వండి.